వంతెన దగ్గర నోటి పరీక్ష

నూలుమిల్లులో మనిషిని పొడిచి చంపింది వంతెన అవతలివాళ్ళేనని పొక్కగానే, ఇవతలివాళ్ళు ఇనుపరాడ్లతో దారి కాశారు. మొహం చూసి ఎవరు ఎటువాళ్ళో పోల్చలేరు కనుక మిల్లు మేస్త్రీ ఉపాయం చెప్పి ఇంటికొచ్చాడు.

"నీళ్ళు అనమన్నాను. అవతలోళ్ళకి నాలుక మడతపడదు, నీల్లంటారు. అన్నోణ్ణి అక్కడే విరగ్గొట్టమన్నాను."

పెద్దకూతురు చేతిలో పని వదిలేసి తండ్రికి ఎదురొచ్చింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. చదివింది భాషాశాస్త్రం.

"నాన్నా, మన వీధి కుర్రకారంతా ఇప్పుడలాగే అంటున్నారు. నీళ్ళొక్కటే కాదు, కళ్ళు, గోళ్ళు, పళ్ళు... ఆ శబ్దం ఎక్కడుంటే అక్కడల్లా మారిపోయింది. నేనైనా పట్టి పలికితేనే వస్తుంది. తమ్ముడికి అదీ రాదు!"

"ఊరుకోవే! నా కొడుక్కి నా నోరే వచ్చింది. రోజూ వింటున్నానుగా?"

"రోజూ వింటున్నావు కాబట్టే నీకు తేడా తెలీదు."

తమ్ముడు లేత్ మిషన్ పని ముగించుకుని ఆ దారినే రావాలి. ఆమె చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

అప్పటికే తమ్ముడు మోకాళ్ళ మీద ఉన్నాడు. ముక్కు చితికింది, ముందుపళ్ళు ఊడి చొక్కా మీద పడ్డాయి. కాపలావాళ్ళు పక్కపేట మనుషులు, వాణ్ణి ఎరగరు. బండోడని పిలిచే కుర్రాడు వాడి జుట్టు పట్టి తల వెనక్కి విరిచాడు.

"మల్లీ అనరా! మా చెవులకి ఇంపుగా ఉంది!"

అందరూ పకపకా నవ్వారు.

"ఆగండి!" అక్క బండోడి వైపు వేలు చూపించి అరిచింది. "వీడేమన్నాడో విన్నారా? మళ్ళీ అనలేదు, మల్లీ అన్నాడు! వీడి నాలుకా అంతే!"

నవ్వులు ఆగిపోయాయి. వాళ్ళలో పెద్దవాడైన వాచ్‌మన్ బండోడి వైపు తిరిగాడు.

"ఏరా, నువ్వూ అటోడివేనా? మా మధ్యే దూరావా?"

"అయ్యో బాబాయ్, నేను మీ..."

రాడ్డు చెవి పక్కన పడింది. బండోడు కూలిపోయాడు. కిందపడ్డవాడి మీద మరో రెండు రాడ్లు లేచాయి. తమ్ముణ్ణి కాపాడబోయి ఇంకొకణ్ణి వీళ్ళ చేతుల్లో పెట్టానని ఆమెకి అప్పుడు తెలిసింది. బండోడి మీద అడ్డంగా పడింది. ఒక దెబ్బ ఆమె భుజాన్ని విరిచింది.

"ఆపండ్రా! అది నా కూతురు!" మేస్త్రీ ఆయాసపడుతూ వచ్చాడు.

"మరి వీడెవడు?" అన్నాడు వాచ్‌మన్, తమ్ముణ్ణి కాలితో తోస్తూ.

వాడు నెత్తురు ఉమ్మి, కష్టం మీద నోరు తెరిచాడు.

"నాన్నా... నీల్లు."

మేస్త్రీ ఆ మాట మొదటిసారి విన్నాడు. పుట్టినప్పటినుంచీ వింటున్న గొంతే. రాడ్లు దించలేదెవరూ. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

"నీల్లు," అన్నాడు మేస్త్రీ గట్టిగా, వాళ్ళందరికీ వినపడేలా. "నా కొడుక్కి నీల్లు తెండ్రా. ఆనక నన్నూ కొడుదురుగాని."