దుప్పటి అవతలి కొస

పెద్ద హోటలు నేలకింది గదిలో, ఇస్త్రీ యంత్రంలోంచి వేడివేడిగా జారిపడే దుప్పట్లను మడతపెట్టే ఆడవాళ్ళు పన్నెండు మంది. వాళ్ళలో ఒకామెను అందరూ పాదరసం అని పిలిచేవారు. ఒకప్పుడు ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. ఏడాది కిందట వారం రోజులు జ్వరం వచ్చింది. అది పోతూపోతూ ఒంట్లో సత్తువంతా మూటగట్టుకుపోయింది. పొద్దున లేచి తల దువ్వుకుంటే చాలు, మళ్ళీ పడుకోవాలనిపించే నీరసం. పేరు మాత్రం పోలేదు. ఇప్పుడు నవ్వుతూ పిలుస్తున్నారు, అంతే తేడా.

పరీక్షలన్నీ చేయించారు. "రిపోర్టులన్నీ బాగున్నాయి వదినా, నేనొక్కదాన్నే బాగాలేను" అంది పాదరసం.

వదిన అంటే అన్న భార్య. అదే గదిలో పదహారేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. మరదలికి ఈ పని ఇప్పించిందీ, రోజూ ఆమెకు ఎదురుగా నిలబడి దుప్పటి అవతలి కొసలు పట్టుకునేదీ ఆవిడే. పాదరసం ఉండేదీ వాళ్ళింట్లోనే.

"జంటకి రోజుకి మూడొందల దుప్పట్లు లెక్క. మీది రెండొందలు దాటట్లేదు" అన్నాడు సూపర్‌వైజరు. "మూడు నెలలు చూస్తానమ్మా. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

ఈ పని పోతే అన్న ఇంట్లో మంచానికి అంటుకుపోయి, అన్న తెచ్చింది తింటూ బతకాలి. అన్న ఒక్క మాట కూడా అనడు. ఆ అనకపోవడాన్ని తలుచుకుంటేనే ఆమెకు భయం వేసేది.

ఇక సలహాలు. దానం దగ్గర ఎలా ఉన్నా, సలహాల దగ్గర ఎవరి చేతికీ ఎముక ఉండదు. ఒకరు తేనె అన్నారు, ఒకరు పరుగెత్తమన్నారు. పక్కింటావిడ అయితే "బద్ధకానికి మందేముందమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. చివరికి ఒక డాక్టరమ్మ మాత్రం చెప్పిందంతా విని, నమ్మింది. ఐరన్ బిళ్ళలు, వారానికోసారి విటమిన్ డి, పొద్దున గుడ్డు, రెండు పూటలా ఆకుకూర, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తిండి, మధ్యాహ్నం దాటితే కాఫీ బంద్, ఒకే వేళకి నిద్ర. "బాగున్న రోజున ఎగిరిపడకు. సత్తువ కొంచెం ఉండగానే ఆగిపో" అని గట్టిగా చెప్పింది. రోజూ సాయంత్రం ఒంట్లో ఓపికకి పదికి ఎన్ని మార్కులో ఒక పుస్తకంలో రాసుకోమంది.

పాదరసం తు.చ. తప్పకుండా చేసింది. మొదటి నెల మార్కులు రెండు, మూడు. రెండో నెల నాలుగు. మూడో నెలలో ఆరు! దుప్పట్లు రెండొందల యాభై అయ్యాయి, తర్వాత మూడొందలు. గడువు నాటికి సూపర్‌వైజరు తన కాగితం మీద ఆమె పేరు పక్కనున్న ఎర్రగీత కొట్టేశాడు. ఆ రోజు ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. భోజనాల బల్ల దగ్గర అందరికీ గుడ్డు గురించి, నిద్ర గురించి ఉపన్యాసం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుళ్ళు అనుకుంది పాదరసం.

వదినకి కూడా చెప్పింది. రోజూ సాయంత్రం మోకాళ్ళకి మందు రాసుకుంటున్న వదిన పక్కన కూర్చుని, "నాలాగా తిండి మార్చు వదినా. ఒంటి మీద శ్రద్ధ ఉండాలి" అంది. వదిన నవ్వి, "అలాగేలేవే" అని సీసా మూత బిగించింది.

వారం తిరక్కుండానే వదిన పొద్దున మంచం దిగలేకపోయింది. రెండు మోకాళ్ళూ బూరెల్లా వాచాయి. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక నిలబడే పని ఈ జన్మకి వద్దన్నాడు డాక్టరు. పదహారేళ్ళ ఉద్యోగం ఒక్క మాటతో అయిపోయింది.

మర్నాడు పాదరసానికి కొత్త జంట వచ్చింది. అదే గదిలో పనిచేసే పొడుగామె, ఎవరి జోలికీ పోని మనిషి. మొదటి దుప్పటి అయింది. ఇద్దరూ రెండోది పట్టుకుని దులిపారు. పాదరసం తన రెండు కొసలు పట్టుకుని నిలబడింది. అవతలామె కూడా నిలబడింది. మధ్యలో దుప్పటి వేలాడుతోంది.

"నడువమ్మా" అంది పొడుగామె.

"నేనా?"

"మొదటిది నేను నడిచా కదా. ఇది నీ వంతు. ఒకటి నువ్వు, ఒకటి నేను."

నడిచి వెళ్ళి కొసలు ఆమె చేతికివ్వాలి, వంగి కింద వేలాడే మడత అందుకోవాలి, వెనక్కి రావాలి, మళ్ళీ వెళ్ళాలి. పాదరసం చేసింది. నాలుగోసారి వంగేటప్పటికి ఒక సంగతి గుర్తొచ్చి వంగినది వంగినట్టే ఆగిపోయింది. మూడు నెలల కిందట ఒక పొద్దున వదిన అంది, "నువ్వు కాస్త ఊపిరి తీసుకో, ఈ రెండూ నేను నడుస్తాలే" అని. ఆ రెండూ అవ్వనే లేదు. అప్పట్నుంచీ వదినే నడిచింది, వదినే వంగింది. చివరికి రోజుకి మూడొందలు.

"ఇన్నాళ్ళూ వదినే నడిచిందని మీకు తెలుసా?" అంది చుట్టూ చూసి.

"గదిలో అందరికీ తెలుసు. నీకు తెలీదని మాకు తెలీదు" అంది పొడుగామె, జాలిగానే.

ఆమెకి తల తీసేసినట్టయింది. పంతం కొద్దీ తన వంతు తప్పకుండా నడిచింది. నూట పన్నెండో దుప్పటి దగ్గర కాళ్ళు మడత పడిపోయాయి. సూపర్‌వైజరు మంచినీళ్ళు ఇప్పించాడు, ఆటో పిలిపించాడు. "సోమవారం నుంచి రావొద్దులేమ్మా" అని నెమ్మదిగా చెప్పాడు. గట్టిగా తిట్టినా బాగుండేది.

ఇంట్లో వదిన గోడకి ఆనుకుని, కాళ్ళ కింద దిండు పెట్టుకుని కూర్చుని ఉంది. మరదలి మొహం చూడగానే అంతా అర్థమైంది.

"ఎందుకు చెప్పలేదు వదినా?"

"చెబితే నడుస్తావు. నడిస్తే పడిపోతావు." వదిన తల తిప్పుకుంది. "పైగా ఆ మార్కులు వేసుకునేటప్పుడు నీ మొహం చూడాలి. ఎలా చెప్పను?"

పాదరసం పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. తొంభై రోజుల అంకెలు. "ఇందులో నావెన్ని వదినా?" అని అడిగింది.

వదిన ఆ ప్రశ్నకి ఏడవలేదు, ఓదార్చలేదు. లెక్క తెలిసిన మనిషి కాబట్టి పేజీలు తిప్పుతూ నిజంగానే ఆలోచించింది.

"గుడ్లు తిన్నది నువ్వేగా. నిద్ర కూడా కుదిరింది" అంది చివరికి. "రోజుకి ఒకటో రెండో నీవే అయ్యుంటాయి."

మందు సీసా గదికి అవతల, కిటికీలో ఉంది. వదినకి అందదు. పాదరసం లేవబోయింది, కాళ్ళు రాలేదు. ఇద్దరూ ఆ సీసా వంక చూస్తూ, అన్న ఎప్పుడొస్తాడా అని కూర్చున్నారు.