జయంతి పేరున్న చీటీ

మూడు గ్లాసుల మినప్పప్పు నానబోసి మూత పెడుతుంటే వెనకనుంచి అత్తగారు కనకలక్ష్మి అందుకుంది. “నాలుగు పొయ్యి జయంతీ. రేపు మా చెల్లెలు వస్తుందేమో.” వస్తుందో రాదో తెలియని ఆ చెల్లెలి కోసం జయంతి ఇంకో గ్లాసు పప్పు కడిగి పోసింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి రుబ్బాలి. అత్తగారికి చక్కెర లేని కాఫీ, భర్త ఉదయ్ భాస్కర్‌కి చిక్కటి కాఫీ, కూతురు కిరణ్మయికి పాలు. ఇవన్నీ కలిపాక గిన్నె అడుగున మిగిలింది నిలబడే తాగి బస్సుకి పరుగెత్తింది. పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఆ ఇంట్లో కూర్చుని కాఫీ తాగడం ఆమెకింకా చేతకాలేదు.

ఆఫీసు మాదాపూర్‌లో. ఎదురుగా హైటెక్ సిటీ గుండ్రటి భవనం లేచి ఏడాదయిందో లేదో, చుట్టుపక్కల బండరాళ్ళక్కూడా ధరలు పలుకుతున్నాయి. ఓ మూడంతస్తుల అద్దె ఇంట్లో, అమెరికా నుంచి వచ్చే క్యాసెట్లు విని టైపు చేసే కంపెనీ. అక్కడ డాక్టర్లూ రేడియోవాళ్ళూ మాట్లాడిందంతా ఇక్కడ హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఇరవైమంది ఆడవాళ్ళు అక్షరాల్లో పెడతారు. కాలికింద పెడల్ నొక్కితే గొంతు మాట్లాడుతుంది, వదిలితే ఆగిపోతుంది. ఇంట్లో గొంతులకి కూడా ఇలాంటి పెడల్ ఒకటుంటే ఎంత బాగుండునో అని జయంతి చాలాసార్లు అనుకుంది.

ఆ వారమంతా ఆమె చెవుల్లో డోనా అనే ఆవిడ గొంతు. వేట గురించి రేడియోలో మాట్లాడుతోంది. వాళ్ళ కొండల్లో మ్యూల్ డీర్ అని ఓ జాతి జింక ఉందట, గాడిదకున్నంత చెవులు దానికి. దాన్ని ఎవరు పడితే వాళ్ళు కొట్టకూడదు. ఏటా దరఖాస్తు పెట్టుకోవాలి, సర్కారువాళ్ళు లాటరీ తీస్తారు. పేరొచ్చినవాళ్ళకి ఒక టాగ్ ఇస్తారు, కొట్టిన జింకకి కట్టే చీటీ అది. ఒక టాగ్‌కి ఒకటే జింక, పదకొండు రోజులే గడువు. కొట్టినా కొట్టకపోయినా గడువు దాటితే టాగ్ చెల్లదు, మళ్ళీ ఏళ్ళ తరబడి వరసలో నిలబడాల్సిందే. డోనాకి దరఖాస్తు పెట్టిన పద్దెనిమిదో ఏట వచ్చింది. రెండో రోజే ఓ మాదిరి జింక ఎదురుపడితే వదిలేసింది. ఇంతకంటే పెద్ద కొమ్ములది రాకపోతుందా అని ఆశ. మూడో క్యాసెట్ అయిపోయేసరికి ఎనిమిదో రోజు గడిచింది, ఆవిడ చేతిలో టాగ్ అలాగే ఉంది.

జింకను చంపడమనే మాటకే జయంతికి ఒళ్ళు జలదరించింది. కాని ఆవిడంటే మాత్రం కడుపుమంట పట్టుకుంది. జింక కోసం కాదు, ఆ పదకొండు రోజుల కోసం. “పొద్దున్నే లేచి, గుడారం ముందు కూర్చుని, ఒక్క కప్పు కాఫీ కాచుకుంటాను” అంది డోనా మొదటి క్యాసెట్లో. ఒక్క కప్పు! పెడల్ వెనక్కి తొక్కి ఆ ముక్క జయంతి నాలుగుసార్లు వింది. మాట అర్థంకాక కాదు, ఓర్వలేక. ఆ మహాతల్లిని ఏం టిఫిన్ అని అడిగేవాళ్ళు లేరు. బట్టలు తడిసిపోతున్నాయి, మేడమీదికి వెళ్ళు అనేవాళ్ళు లేరు. పైగా, ఎప్పుడు కొట్టాలి, ఇప్పుడా, ఇంకా ఆగాలా అనే ఆ దిగులొకటి, అది కూడా పూర్తిగా ఆవిడ సొంతం. ఖండాంతరాల అవతల ఉన్న మనిషిని చూసి ఇంత కుళ్ళుకుంటున్నందుకు జయంతికి సిగ్గేసింది, అయినా కుళ్ళు తగ్గలేదు.

అసలు సంగతేమిటంటే జయంతి దగ్గర కూడా ఒక టాగ్ ఉంది. తప్పులు దిద్దే ఎడిటర్ల కోసం కంపెనీ బెంగళూరులో ఆరు వారాల శిక్షణ ఇస్తుంది. వెళ్ళొచ్చినవాళ్ళు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, తమకో గదీ తమ కింద నలుగురూ ఉన్న ఎడిటర్లయిపోతారు. హైదరాబాదు నుంచి ఏటా ఒక్కరికే చోటు. సిఫారసులు, అలకలు ఎక్కువైపోవడంతో సూపర్‌వైజర్ రంగనాథ్ చీటీల పద్ధతి పెట్టాడు. పేర్లన్నీ టిఫిన్ డబ్బాలో వేస్తే ఆఫీసు ఊడ్చే నర్సమ్మ కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. వరసగా మూడేళ్ళు డబ్బాలోనే ఉండిపోయిన జయంతి పేరు నాలుగో ఏడు జనవరిలో బయటికొచ్చింది. ఏడాదిలో నాలుగు బ్యాచీలు, ఎందులో వెళ్ళాలో ఆమె ఇష్టం. వెళ్ళకపోతే చీటీ రద్దు, మళ్ళీ రెండేళ్ళదాకా డబ్బాలో పేరు వెయ్యరు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? ఫిబ్రవరి అంటే, “మార్చి నెత్తిమీదుంది, ఆఫీసులో నాకు ఊపిరాడదు, నీకసలు టైమింగ్ తెలీదు జయా” అన్నాడు ఉదయ్ భాస్కర్. మేలో అత్తగారి కంటి ఆపరేషన్. ఆగస్టులో శ్రావణమాసం, “ఇంటికోడలు లేకుండా వరలక్ష్మీ వ్రతమా?” ఎవరూ వెళ్ళొద్దనలేదు, పాపం. ఇప్పుడే ఎందుకన్నారంతే. ఆమె కూడా ఇంకో మంచి సమయం రాకపోతుందా అని చూస్తూ కూర్చుంది. మిగిలింది నవంబరు బ్యాచి, నాలుగు రోజుల్లో మొదలు. వెళ్తానని ఇంట్లో మొన్నే చెప్పింది. భర్త “చూద్దాంలే” అని పేపరు చదువుకున్నాడు.

ఆవేళ ఆఫీసులో అడుగుపెట్టగానే పక్క సీటు కింద ఎర్రటి సూట్‌కేసు కనబడింది. చక్రాలున్న రకం. కడప నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మౌనికది. ఇరవైమూడేళ్ళ పిల్ల, తన జీతం, తన మంచం, అడిగేవాళ్ళు లేరు. డోనా మీది కుళ్ళంతా జయంతికి ఒక్కసారిగా ఆ సూట్‌కేసు మీదికి మళ్ళింది.

“నిన్ననే కొన్నదట, జర గూడ బరువు లేదమ్మా,” నర్సమ్మ చీపురు ఆపి మెచ్చుకుంది. “పిల్ల బెంగళూరు పోతున్నది గద, నువ్వు పోవని జెప్పినవట. ఏందమ్మా, నా చేతితోని తీసిన చీటీ గట్ల ఇడిసిపెడ్తవా?”

జయంతి చేతిసంచీ సీట్లో పడేసింది. తిన్నగా రంగనాథ్ గదిలోకి వెళ్ళింది. ఆయన ఇబ్బందిగా కళ్ళజోడు తీశాడు. “మీవారు మొన్న ఫోన్ చేశారండీ. ఇంట్లో కుదరదనీ, చెప్పడానికి మీకు మొహమాటంగా ఉందనీ అన్నారు. నేను మౌనిక పేరు వేసేశాను. మీకు తెలుసనుకున్నానండీ.”

వచ్చి సీట్లో కూర్చుంది. మౌనిక పీక పిసకాలనిపించింది. మరుక్షణం నవ్వూ వచ్చింది. ఆడదానికి ఆడదే శత్రువని సామెత కట్టినవాడెవడో గాని, ఫోన్ తీసి తన పేరు కొట్టేయించిన మనిషి పొద్దున చిక్కటి కాఫీ తాగి మీసం తుడుచుకున్నాడు. పని ఆగదు. నాలుగో క్యాసెట్ పెట్టి పెడల్ తొక్కింది.

డోనాకి పెద్ద కొమ్ముల జింక రాలేదు. పదో రోజు సాయంత్రం ఒక కొమ్ము విరిగిన జింక వాగు దగ్గరికొచ్చింది, దాన్నే కొట్టి టాగ్ కట్టేసింది. “రెండో రోజు వదిలేసిందే దీనికంటే మేలు కదా?” అని రేడియో మనిషి ఎకసెక్కంగా నవ్వాడు. “మా ఆయన కూడా అదే అన్నాడు” అంది డోనా. “నేను ఎదురుచూసిన జింక ఆ కొండల్లో లేదు. అది తెలియడానికి పది రోజులు పట్టింది. ఇంకొక్క రోజు గడిస్తే టాగ్ పోయేది. నా పేరున్న టాగ్, నేనే కట్టాను.”

జయంతి పెడల్ మీంచి కాలు తీసేసింది. తనిన్నాళ్ళూ ఎదురుచూసిన రోజేమిటో అప్పుడు తెలిసింది. భర్త నవ్వుతూ, అత్తగారు దీవిస్తూ, పిల్ల ఏడవకుండా, అందరూ కలిసి వెళ్ళిరా అనే రోజు. అలాంటి రోజు ఆ ఇంట్లో పుట్టనే లేదు. లేనిదాని కోసం మూడు బ్యాచీలు వదిలేసుకుంది. ఫోన్ చేసినందుకు అతని మీదెంత కోపమొచ్చిందో, ఆగినందుకు తన మీదా అంత కోపమొచ్చింది.

మళ్ళీ రంగనాథ్ గదికి వెళ్ళింది. “చీటీ మీద ఎవరి పేరుందండీ?”

“మీదే.”

“వదులుకున్నట్టు సంతకం పెట్టానా?”

“లేదండీ.”

“అయితే నేనే వెళ్తున్నాను. ఇకమీదట నా సంగతి నన్నడగండి.”

రంగనాథ్ కాగితం ముందుకు జరిపాడు. ఆమె సంతకం పెట్టింది.

మౌనికకి తనే చెప్పింది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. “నువ్వు పోవంటేనే కదక్కా నేను ఈ పెట్టె కొనుక్కున్నా. ఇంటి చీటీ, ఆఫీసు చీటీ, రెండూ నీకే కావాలా? మొగుడు, ఇల్లు, బిడ్డ, అన్నీ ఉండాయి నీకు. నన్ను చూసుకునేదానికి ఎవరుండారు?” అంది. తనని చూసి అసూయపడేవాళ్ళు కూడా ఈ లోకంలో ఉన్నారని జయంతి కలలో కూడా అనుకోలేదు. వెళ్ళి పక్కనే కూర్చుంది. నాలుగు గంటలకి షిఫ్టు దిగేవేళ మౌనిక సూట్‌కేసుని కాలితో ఇటు నెట్టింది. “తీస్కపో. ఇంట్లో ఉండే పాత సంచీతో పోతే మళ్ళీ కొంగు పట్టుకోని వెనక్కి లాగుతారు. గీతలు పడితే మాత్రం ఊరుకోను.”

సాయంత్రం ఉదయ్ భాస్కర్ ఇంటికొచ్చేసరికి ముందుగదిలో ఎర్ర సూట్‌కేసు తెరిచి ఉంది. “ఇదెవరిది?”

“మౌనికది. అరువు తెచ్చుకున్నాను. మీరు కొట్టేయించిన పేరు మళ్ళీ రాయించుకున్నానండీ. ఎల్లుండి బండి.”

అతని మొహం ఎర్రబడింది. “నీ మంచికే చేశాను. కార్తీకమాసం, పిల్లకి పరీక్షలు, అమ్మకి ఒంట్లో బాగాలేదు. ఇది సమయమా జయా?”

“కాదండీ,” అంది జయంతి, మడతపెట్టిన చీర సూట్‌కేసులో సర్దుతూ. “మంచి సమయమేం కాదు. ఉన్నది మాత్రం ఇదే.”

వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. “జయంతీ, పప్పు నానిపోయింది, ఇంకా రుబ్బలేదేమే?”

జయంతి చీర మీద చెయ్యి ఆన్చి నిలబడిపోయింది. పన్నెండేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే వంటింటి వైపు ఒక అడుగు వేశాయి. వాటిని ఆపింది. భర్త వైపు తిరిగి మామూలుగానే చెప్పింది.

“నాలుగు గ్లాసులు పోశానండీ. నానిన పప్పు రేపటిదాకా ఆగదు. చొక్కా మార్చుకుని వెళ్ళి రుబ్బండి.”