బంగారు రేకు మీద చారలు

తెర మీద చారలు. సన్నగా, తెల్లగా, దువ్వెనతో దువ్వినట్టు.

గోరంత బంగారు రేకు. దాని మీద ఒక్క చుక్క ద్రావణం. ఆ చుక్కలో కంటికి ఆనని అణువులు... ఎవరూ పిలవరు. ఎవరూ తోయరు. వాటంతట అవే దిగి, పక్కపక్కన సర్దుకుని, వరుస కడతాయి.

తాకీ తాకకుండా ఒక సూది వాటిని తడుముతూ పోతుంది. తడిమినదల్లా తెర మీద కనిపిస్తుంది.

నా ఉద్యోగం అదే. చూడటం.

"రోజంతా బంగారంతో పనంటావు. చెవులు చూస్తే బోసి," అనేది అమ్మ, బోర్లా పడుకుని. నవ్వుతూ ఆమె నడుముకి మందు రాసేదాన్ని. రోజూ పొద్దున్నే. చిన్న రేకు డబ్బా — తెల్లటి జిడ్డు మందు, ఘాటు వాసన.

"చేతులు కడుక్కుని వెళ్ళవే. బస్సులో జనం ముక్కు మూసుకుంటారు."

రోజూ అనేది. రోజూ కడుక్కునేదాన్ని.

ఒక్క రోజు తప్ప.

ఆ రోజు బస్సు వచ్చేసింది. రుమాలుకి తుడుచుకుని పరిగెత్తాను. ఆ చేతులతోనే గ్లౌజులు లాగి తొడుక్కున్నాను. రేకు పట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే చారలు వచ్చాయి. మేం పరీక్షిస్తున్న అణువు అలా వరుస కట్టడం అంతకుముందు ఎవరూ చూడలేదు. మా ల్యాబ్ సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, పంట పండింది! ఇంకో మూడుసార్లు రప్పించు. నీ ఉద్యోగం పర్మనెంట్ చేయించే పూచీ నాది."

అమ్మకి ఫోన్ చేశాను. "ముందు చెవులకి ఏమైనా కొనుక్కో," అంది.

కొత్త ద్రావణం సిద్ధమయ్యేలోపే, పదిరోజులకి అమ్మ పోయింది. నిద్రలోనే.

మళ్ళీ పనిలోకి వెళ్ళాను. రేకు... చుక్క... సూది.

చారలు రాలేదు.

మళ్ళీ చేశాను. రాలేదు. పదకొండుసార్లు చేశాను. అణువులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, అంతే.

"చేతికందింది నోటికందకుండా పోతోందే!" సార్ తల పట్టుకున్నారు. "శుక్రవారం దాకా నీ ఉద్యోగం పోకుండా ఆపగలను. ఆ తర్వాత నా చేతుల్లో లేదమ్మాయ్. ఆ రోజు ఎలా చేశావో అచ్చం అలాగే చెయ్యి."

ఆ రోజు ఎలా చేశానో...

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

మర్నాడు డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళాను. అందరూ భోజనాలకి లేచాక, కొత్త రేకు మీద రవ్వంత మందు పెట్టి చూశాను. మా అణువు లేదు. మందు ఒక్కటే.

చారలు. అవే చారలు.

అమ్మా, నువ్వా!

ఎవరూ పిలవలేదు. ఎవరూ తోయలేదు.

వెక్కి వెక్కి ఏడ్చాను. అందరూ వచ్చేలోపు రేకు తీసేసి, ముఖం కడుక్కున్నాను. సార్‌కి చెప్పలేదు.

ఈరోజు శుక్రవారం.

డబ్బా మూత తీశాను. ఇల్లంతా ఆ వాసన. నేను ఇంట్లో లేనప్పుడు అమ్మే తీసుకుని రాసుకునేది — మందులో ఆమె వేలి గుంట అలాగే ఉంది. అందులోనే నా వేలు పెట్టాను.

రెండు చేతులకీ రాసుకున్నాను. ఈ చేతులతో లాగి గ్లౌజులు తొడిగితే చాలు, వాటికి జిడ్డు అంటుతుంది. మూడుసార్లూ వస్తాయి. ఉద్యోగం నిలుస్తుంది. నిజం చెబితే సాయంత్రానికి ఉండదు.

సందు చివర బస్సు హారన్.

కుళాయి కింద చేతులు చాపి నిలబడ్డాను. ఇంకా తిప్పలేదు.

చేతులు కడుక్కుని వెళ్ళవే...

వేళ్ళ మీద మందు చారలు. సన్నగా, తెల్లగా, దువ్వెనతో దువ్వినట్టు.