గొడ్రాలి కొడుకు

జగన్మోహనరావుకు మైకు దొరికితే ఒళ్లు తెలియదు. తర్కం లెక్చరరుగా రిటైరై ఆరేళ్లయినా, నాంపల్లిలో ఓ హాలు అద్దెకు తీసుకుని ప్రతి ఆదివారం ఉపన్యాసం దంచుతూనే ఉన్నాడు. ముందు వరసలో కూర్చుని తల ఊపే ఉద్యోగం భార్య శేషారత్నానిది. దానికి రిటైర్మెంటు లేదు.

ఆ ఆదివారం గన్‌ఫౌండ్రీ బ్యాంకు గుమస్తా జితేందర్ లేచాడు. "లేని వస్తువు పేరు చెప్తే గా మాట మనకెట్లా సమజైతది సార్?"

"కుందేటికొమ్ము అన్నావనుకో. కుందేలుంది. కొమ్ము ఎద్దుకుంది. లేనిదల్లా ఆ రెంటికీ సంబంధం. విడివిడిగా తెలిసినవే కనక, కలిపితే మాట తెలుస్తుంది." జగన్మోహనరావు గొంతు సవరించుకున్నాడు. "గొడ్రాలి కొడుకూ అంతే. గొడ్రాలుంది, లోకంలో కొడుకులున్నారు, ఆవిడకే లేడు."

హాలంతా నవ్వింది. శేషారత్నానికి పిల్లల్లేరని ఎరిగిన ఆడవాళ్లిద్దరు ఆవిడ వైపు చూసి చూపు తిప్పుకున్నారు.

ముప్పయ్యేళ్ల నాడు అబిడ్స్‌లో డాక్టరమ్మ ఇచ్చిన రిపోర్టు మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసే చదివారు. లోపం ఆయనది. మహాపండితుడు ఆ కాగితాన్ని అక్కడే ముక్కలు చేసి కాలవలో పారేశాడు. ఇంటికొచ్చాక తల్లి కోడల్ని గొడ్రాలంటే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మగవాడి పరువు కదా అని శేషారత్నమూ నోరు విప్పలేదు. సీమంతాలకు పిలుపులు ఆగిపోయాయి. తోడికోడలు పసివాణ్ణి చేతికివ్వలేదు. అన్నీ దిగమింగింది. అదే మాట చెప్పి ఈయన జనాన్ని నవ్విస్తుంటే మాత్రం ఇవాళ ఒళ్లు మండిపోయింది.

లేచి నిలబడింది.

"ఏమండీ, మీ ఉదాహరణ తప్పు. కొడుకు లేడు, సరే. గొడ్రాలు ఉందని ఎవరు చెప్పారు? రిపోర్టులో లోపం మీదని కదా రాసింది."

జితేందర్ మెల్లగా కూర్చున్నాడు.

"రత్నం, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు జగన్మోహనరావు, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

అప్పుడు కూడా ఆయన భయం మైకు గురించే. ఆమెకు కోపం పోయి అసహ్యం వేసింది.

"ఇంట్లో ముప్పయ్యేళ్లు ఊరుకున్నారు. ఇక్కడే చెప్పండి. మీ అమ్మ నన్ను ఆ మాట అన్నప్పుడల్లా, అది ఎవరికి చెందుతుందో మీకు తెలుసా, తెలియదా?"