ఇద్దరికే వంట

స్కూలు క్యాంటీన్లో రోజూ మూడువందల మందికి వండే చేతులు నావి. మూడు రోజులు గరిటె ముట్టనని ఒట్టేసుకుని మా ఆయనతో సముద్రం ఒడ్డున ఉన్న ఊరికొచ్చాను. రెండో రోజుకే ఆయన నీరసపడ్డారు.

"హోటల్ తిండి మొహం మొత్తిందే. కాస్త పప్పు, బీరకాయ కూర చేసి పెట్టవూ? ఇద్దరికే!"

"ఇద్దరికే అయితే ఎంతసేపు!" అంటూ కొంగు బిగించాను.

కొట్లో నా మటుకు నేను పిసరంతే కొన్నాననుకున్నాను. సంచి మోయలేక ఆయన రెండుసార్లు దించారు. మేం దిగిన మేడగది అద్దెకిచ్చినావిడ దగ్గరున్న పొయ్యి, గిన్నెలన్నీ తెచ్చినా పప్పు పట్టలేదు.

పోపు ఘుమఘుమలు మెట్లు దిగిపోయాయి. కాసేపటికి తడిబట్టలతో, తువ్వాళ్లతో, ఇసుక కాళ్లతో జనం గుమ్మం ముందు బారులు తీరారు. నాకు ఒళ్లు తెలియలేదు. "ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి!" అంటూ అందరికీ కొసరి కొసరి వడ్డించాను.

చివరికి ఆయన ఖాళీ కంచంతో వచ్చి గిన్నెలోకి తొంగి చూశారు.

"మనిద్దరికేదే?"

ఒకరి మొహం ఒకరం చూసుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటూ అదే హోటలుకి పరుగెత్తాం.