బిడ్డంత బరువు రాగులు

హోసూరు బస్టాండు దగ్గర పిల్లల సామాన్లు అమ్మే అంగడికి వెంకటలక్ష్మమ్మ కోడలితో పాటు ఒక రాగుల సంచిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. బిడ్డ మాత్రం వాళ్ల ఊరు బేరిగైలో తాత దగ్గరే ఉన్నాడు. కులదైవానికి పుట్టువెంట్రుకలు ఇచ్చేదాకా పసిబిడ్డను బజారుకు తీసుకుపోకూడదని వాళ్లింటి కట్టుబాటు. మరి బిడ్డ లేకుండా, వాణ్ణి ఒంటికి కట్టుకునేందుకు కొనబోయే బేబీ క్యారియర్ సుఖంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకే వెంకటలక్ష్మమ్మ ఇంట్లోనే బిడ్డను తూచి, సరిగ్గా అంతే బరువుకు సంచిలో రాగులు పోసి మూతి కట్టేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు?

కోడలు ఐశ్వర్య వాదించలేదు. ఈ మధ్య ఆమె దేనికీ వాదించడం లేదు. కాన్పుకని కావేరిపట్టణం పుట్టింటికి వెళ్లి, ఐదో నెలలో బిడ్డతో అత్తగారింటికి వచ్చింది. వచ్చే వారం మళ్లీ ఉద్యోగానికి కంపెనీ బస్సు ఎక్కాలి. పగలంతా బిడ్డను చూసుకోవలసింది అత్తే. గులాబీతోటలో పని చూసుకుంటూ వాణ్ణి పాత చీరలో కట్టుకుంటానని ఆమె అంటే, ముందు నీ నడుము సంగతి చూసుకోమని కొడుకు మంజునాథ్ ఇద్దరినీ బస్సెక్కించాడు.

ఊళ్లో అందరూ ఐశ్వర్యను మెచ్చుకుంటారు. వేళకు పాలిస్తుంది, వేళకు నీళ్లు పోస్తుంది, ఒక్కసారి కూడా విసుక్కోదట. విసుక్కోవాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి కదా! ఆమెలో ఏదీ కదలడం లేదు. వాడు నవ్వితే నవ్వాడని తెలుస్తుంది, ఏడిస్తే ఏడ్చాడని తెలుస్తుంది, అంతే. ఎవరితోనైనా చెబుదామంటే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. బిడ్డ మీద ప్రేమ పుట్టలేదన్న తల్లి దగ్గర బిడ్డను ఉండనిస్తారా? అన్నీ మొద్దుబారిపోయినా ఆ ఒక్క భయం మాత్రం ఆమెకు బాగానే తెలుస్తోంది.

అంగడి అమ్మాయి ఒక్కొక్కటే తీసి చూపించింది. మొదటిదాని బరువంతా భుజాల మీదే పడుతోందని వెంకటలక్ష్మమ్మ పెదవి విరిచింది. ఇంకోదాంట్లో బిడ్డ కాళ్లు వేలాడతాయని ఆ అమ్మాయే పక్కన పెట్టేసింది. నడుముకు వెడల్పాటి పట్టీ ఉన్నది కట్టుకుని, అందులో రాగుల సంచి పెట్టుకుని, వెంకటలక్ష్మమ్మ అంగడిలో అటూ ఇటూ నడిచింది. పూలు కోస్తున్నట్టు వంగి కూడా చూసింది. కొనడానికి వచ్చినవాళ్లు నవ్వుతుంటే ఆమే ముందు నవ్వింది. ఆదివారం ఎత్తుకునేది నువ్వే కదా అంటూ తరువాత కోడలికి కట్టింది.

తల వంచితే బిడ్డ నెత్తి మీద ముద్దు పెట్టగలిగేంత ఎత్తులో ఉండాలని చెప్పి, అంగడి అమ్మాయి వేరే బేరం చూసుకోవడానికి వెళ్లిపోయింది. ఐశ్వర్య తల వంచింది. పెదవులకు గోనెపీచు తగిలింది. ఆమె చెయ్యి తనంతట తానే సంచిని జోకొడుతోంది. ఇంట్లోనూ ఇలాగే జోకొడుతుంది. ఆమె చటుక్కున చెయ్యి తీసేసింది.

భుజం లాగుతోందా అని అత్త అడిగింది.

“అత్తా, వాణ్ణి ఎత్తుకున్నా నాకు ఇట్లే ఉంటాది. ఈ రాగులకూ వాడికీ తేడా తెలీడం లేదు.”

పట్టీ సర్దుతున్న వెంకటలక్ష్మమ్మ చేతులు ఆగిపోయాయి. ఎప్పటి నుంచని అడిగింది. పుట్టినప్పటి నుంచేనని ఐశ్వర్య చెప్పింది. విసుగన్నదే ఎరుగని కోడలని ఊరంతా చెప్పుకుని మురిసింది తానే కదా అని ఆ పెద్దామెకు గుర్తొచ్చింది. కొక్కేలు విప్పి, సంచిని బల్ల మీద పెట్టింది.

“ఇంటికి తరవాత పోదాం. ముందు డాక్టరమ్మ దగ్గరికి పోదాం పా. కొన్నాళ్లు వాణ్ణి నేనెత్తుకుంటాను, నువ్వు నా పక్కన నడిస్తే సాలు.”

ఐశ్వర్య కదల్లేదు.

“డాక్టరమ్మకు చెప్తే వాణ్ణి నా దగ్గర ఉండనియ్యరేమో అత్తా.”

“వాడు నీకు రాగుల సంచే అయితే ఎవురు ఎత్తుకుపోయినా నీకేం భయమమ్మా?”

ఐశ్వర్యకు ఏడుపు రాలేదు. అత్త చెయ్యి పట్టుకుని అంగడి మెట్లు దిగింది.