శవానికి విడాకులు

మా మేనమామ సాచొంబో శవం ఇంకా చాప మీదే ఉంది. అప్పుడే సోబా పట్నం నుంచి మ్యూజియం వాణ్ణి వెంటేసుకొచ్చాడు. సోబా అంటే మా ఊరిపెద్ద. ఊరు ఏడుస్తుంటే బేరం పెట్టే పెద్ద.

మామ ప్వో ఆడేవాడు. ప్వో అంటే మొహానికి కట్టుకుని ఆడే ఆడమనిషి ముఖం, చెక్కతో చేసింది, మా చోక్వే తెగకు తొలితల్లి. ఆడేవాడు దాన్ని పెళ్లాడతాడు. చెక్కినవాడే పిల్ల తండ్రి, అతనికి ఓలిగా రాగి కడియం ఇస్తాడు. మొగుడు పోతే ఆ ముఖాన్ని కూడా అతని పక్కనే, ఏటి గట్టున పూడుస్తాం.

"చెదలు తింటాయి కదయ్యా," అన్నాడు మ్యూజియం వాడు జాలిగా. "మా దగ్గరైతే అద్దాల పెట్టెలో వందేళ్లుంటుంది."

"తిననీ. మమ్మల్నీ తింటాయి," అన్నాను.

ముఖం ఇప్పిస్తే మ్యూజియం వాళ్లు సోబా ఇంటికి రేకులు వేయిస్తారని ఊరందరికీ తెలుసు. సోబా ఆ ముఖం చెక్కిన ముసలి ముయొంబా వైపు తిరిగాడు.

"తాతా, ఓలి కడియం తిరిగిచ్చెయ్. పెళ్లి రద్దయిపోద్ది. ఇక అది పెళ్లాం కాదు, ఉత్త చెక్క."

మా కట్టుబాటుతోనే మా గొంతు కోస్తున్నాడు.

"నా కూతురేం తప్పు చేసిందని వదిలేస్తారు?" అన్నాడు ముయొంబా. "అయినా పుచ్చుకోటానికి అల్లుడేడీ?"

"వారసుడున్నాడుగా." సోబా ముసలాడి మణికట్టు నుంచి కడియం గుంజి నా ముందు చాచాడు. మాలో మేనమామకు వారసుడు మేనల్లుడే. నేను అందుకుంటే మామ విడాకులిచ్చినట్టే.

"పట్టుకోరా. నీ ఇంటికీ రేకులేయిస్తా."

నాకు ఒళ్లు మండింది. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"మీ నాన్న పోయిన రోజు మీ అమ్మను అద్దాల పెట్టెలో పెట్టారా సోబా?"

కూర్చున్న మగాళ్లలో ఎవడో కిసుక్కుమన్నాడు. మ్యూజియం వాడు తన బూట్లు చూసుకున్నాడు. సోబా కడియం దుమ్ములోకి విసిరాడు.

"ఈ ఊళ్లో నీకు సాగుకి జానెడు నేల దక్కదు."

"దక్కకపోనీ. మామకు ఆరడుగులు చాలు."

సోబా చెయ్యి చూపగానే మ్యూజియం వాడు ముఖం కట్టిన మూట వైపు కదిలాడు. ముయొంబా దాని మీదే కూర్చున్నాడు. "ముసలాణ్ణి కూడా కలిపి మొయ్యి బాబూ," అన్నాడు. వాడు మొయ్యలేదు.

సోబాకు జడిసి సగం ఊరు శవం వెంట రాలేదు. వచ్చినవాళ్లం ఏటి గట్టున చిత్తడి నేలలో గొయ్యి తవ్వాం. మామను దించి, మూట విప్పకుండా ఆయన చేతి పక్కన పెట్టాం. తొలి మట్టి నేనే వేశాను.